మన చేతి పనికి మన చేతి రాత

మన పల్లెల్లో ఇవాళ కూలికి పోయేవాళ్ళే కాదు, కొట్టు పెట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. టైలరు మిషను, సెల్‌ఫోను రిపేరు, మోటారు వైండింగు, చెప్పుల కొట్టు, సెంట్రింగు సామాను, టెంటు హౌసు, జిరాక్సు, బ్యాండు మేళం. పెద్ద పెట్టుబడులేం కావు. ఇంటావిడ మెళ్ళోది కుదవ పెట్టి తెచ్చిన డబ్బు, డ్వాక్రా లోను, నూటికి మూడు రూపాయల వడ్డీ అప్పు. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు రాత్రి దించేదాకా మనిషి ఒక్కరే. సరుకు తెచ్చేదీ తామే, పని చేసేదీ తామే, బాకీలు తిరిగేదీ తామే.

ఇలాంటి అన్నలకీ అక్కలకీ మేం ఈ మధ్య ఒక మాట చెబుతున్నాం. మీ పని గురించి మీరే, వారానికి ఒకసారి, పది నిమిషాలు రాయండి అని. విన్నవాళ్ళలో సగంమంది నవ్వుతున్నారు. "మీకేం పంతులుగారూ, నెల తిరిగితే జీతం. మాకు అన్నం తినే టైమే లేదు, రాతలెక్కడ?" అంటున్నారు. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు చెప్పడానికే ఇది రాస్తున్నాం.

రాత మన ఇంటికి ఎలా వచ్చింది?

మా ఇళ్ళల్లో మొదట డిగ్రీ చదివింది మేమే. మా నాన్నల నాటికి రాత అంటే ప్రోనోటు. రాసేది షావుకారు, వేలిముద్ర వేసేది మనం. రాత అంటే కరణం లెక్క. దున్నింది మనం, పట్టా పేరు వాళ్ళది. చేతి పని మనకీ, చేతి రాత వాళ్ళకీ పంచి పెట్టింది కులం. పని చేసేవాడికి అక్షరం దక్కకుండా, అక్షరం ఉన్నవాడికి పని అంటకుండా కట్టిన గోడ అది.

తోలు పని చూడండి. పచ్చితోలుని సున్నంలో నానేసి, వెంట్రుక గీకి, లందలో తంగేడు చెక్క నీళ్ళలో ఊరేసి, రెండ్రోజుల్లో కుళ్ళిపోయేదాన్ని ఏళ్ళ తరబడి నిలిచే తోలుగా మార్చిన విద్య అది. రసాయన శాస్త్రం కాకపోతే ఏమిటది? మోటకి తొండం ఆ తోలే, రైతు కాలికి చెప్పు ఆ తోలే, ఊరి జాతరకి డప్పు ఆ తోలే. ఊరు నడిచిందే మాదిగ చేతి మీద. కానీ ఏ నీళ్ళల్లో ఎన్నాళ్ళు ఊరేశారో, ఏ కాలంలో ఏం మార్చారో ఆ చేసినవాళ్ళు రాసి పెట్టింది మా బడి బీరువాలో ఒక్క కాయితం లేదు. తాతతోపాటే విద్యా కాటికి పోయింది. ఇప్పుడు తోలు గురించి మాట్లాడే హక్కు కంపెనీ వాడిది, బొమ్మల ప్రకటన వాడిది. చెప్పు కుట్టినవాడు మాత్రం చెట్టు కింద మాట లేకుండా కూచున్నాడు.

పని చేస్తూ రాసినవాళ్ళు మనలో లేకపోలేదు. మహాత్మా జోతిరావ్ ఫూలే ఏ మఠంలోనో కూచుని రాసిన మనిషి కాదు, కంట్రాక్టరు. పూనా దగ్గర ఖడక్‌వాస్లా డ్యాము కడుతుంటే సామాను సరఫరా చేశాడు. ఆ సరఫరాలు, లెక్కలు, కూలీల మధ్యనే 1873లో 'గులాంగిరి' రాశాడు. మన రాజమండ్రిలో కుసుమ ధర్మన్న ఆయుర్వేద వైద్యుడు. నాడి చూసిన చేత్తోనే 'జయభేరి' పత్రిక నడిపాడు. వాళ్ళకీ పగలు పన్నెండు గంటలే, రాత్రి పన్నెండు గంటలే.

బాబాసాహెబ్ అంబేడ్కర్ 1920 జనవరి 31న 'మూక్‌నాయక్' పత్రిక మొదలుపెట్టారు. ఆ పత్రిక వస్తోందని ఒక ప్రకటన వేయండి, డబ్బులిస్తాం అని అడిగితే తిలక్ 'కేసరి' పత్రిక వేయలేదు. ఊరికే వేయమన్నది కాదు, డబ్బిచ్చి వేయించుకునే ప్రకటన! కొట్టు పెట్టుకున్న ప్రతి దళితుడూ ఈ ముక్క గుర్తుంచుకోవాలి. డబ్బిచ్చినా మన మాట పడని రోజుల నుంచి వచ్చినవాళ్ళం మనం. ఇవాళ మన మాట పంపించుకోడానికి జేబులో ఫోనుంది. దాంట్లో ఏం పంపిస్తున్నాం? పొద్దున్నే పువ్వు బొమ్మ మీద శుభోదయం, హీరోగారి పుట్టినరోజు, ఎవరో పంపిన దేవుడి బొమ్మ. మన చేతి పని మాట మాత్రం లేదు.

మన దగ్గరున్న పెట్టుబడి

2005 ఆర్థిక గణన లెక్కలు చూస్తే దేశంలో ఉన్న వ్యాపార సంస్థల్లో దళితుల చేతిలో ఉన్నవి నూటికి పదిలోపే. 2001 జనాభా లెక్కల్లో మనం నూటికి 16 మందిమి. ఉన్న ఆ కాసిన్నీ చాలావరకు మనిషొక్కడే నడుపుకునే చిన్న కొట్లు. ఎందుకని? మనవాళ్ళకి పని రాకా? కాదు. ఊళ్ళో పెద్ద కులం కుర్రాడు ఇనుప కొట్టు పెడితే మామయ్య సొసైటీ ప్రెసిడెంటు, బావ బిల్డరు, పెదనాన్న బ్యాంకు మేనేజరుకి స్నేహితుడు. వాళ్ళింట్లో ఒక పెళ్ళయితే ఆ పందిట్లోనే సగం ఆర్డర్లు వస్తాయి. వాడి ప్రకటన వాడి చుట్టరికమే. మన చుట్టాలు మనకి బేరమిస్తే అరువు బేరమే ఇస్తారు. ఇవ్వలేక కాదు, లేక.

ఫ్లెక్సీలు కట్టించే డబ్బు మన దగ్గర లేదు. సెంటర్లో గది అద్దెకి అడిగితే ముందు ఇంటిపేరు అడుగుతారు. మరి మన దగ్గరున్నదేమిటి? పని తెలిసిన చెయ్యి. ఏళ్ళ తరబడి చేసి చేసి తెలుసుకున్న సంగతులు. దీన్ని బ్యాంకు తాకట్టు పెట్టించుకోలేదు, వడ్డీ వ్యాపారి జప్తు చేయలేడు. కాని నోట్లోనే ఉంటే అది పెట్టుబడి కాదు. నలుగురికీ తెలిసేలా రాస్తేనే, మన చుట్టం కానివాడు కూడా "ఈయనకి పని తెలుసు" అని నమ్ముతాడు.

ఏం రాయాలి?

కవిత్వం రాయమనడం లేదు. "మా వద్ద అన్ని రకముల సేవలు లభించును" అని కూడా రాయొద్దు. అది ప్రతి బోర్డు మీదా ఉంటుంది, ఎవరూ చదవరు. మీ కొట్టు దగ్గర రోజూ జనం అడిగే ప్రశ్న ఉంటుంది చూడండి, అదే రాయండి.

మోటారు వైండింగు చేసే తమ్ముణ్ణి రైతు అడుగుతాడు, "మోటారు మళ్ళీ కాలిందేంట్రా?" అని. ఆ తమ్ముడు ఇలా రాయొచ్చు: "మీ మోటారు త్రీఫేజుది. ఒక ఫేజు పోయి రెండిటి మీదే తిరిగితే తీగ వేడెక్కి కాలిపోతుంది. రాత్రిపూట ఆటోమేటిక్ స్టార్టరు పెట్టి పడుకుంటే మీకు తెలియదు. ఫేజు పోతే మోటారుని ఆపేసే ప్రివెంటరు పెట్టించండి. దాని ఖర్చు రీవైండింగు ఖర్చు కన్నా తక్కువ. నా దగ్గరే కొనక్కర్లేదు, ముందు పెట్టించండి." ఆరు వాక్యాలు, అంతే. ఆ చివరి వాక్యం చదివిన రైతు మోటారు కాలితే ఎవరి దగ్గరికి వస్తాడంటారు?

తాపీ మేస్త్రీ రాయొచ్చు: "స్లాబు పోసినాక కనీసం 7 రోజులు తడి ఆరనీయకండి. బూడిద కలిపిన సిమెంటు వాడినా, ఎండలు ముదిరినా 10 రోజులు తగ్గకుండా నీళ్ళు పెట్టండి. మడులు కట్టి నీళ్ళు నిలబెట్టండి. నీళ్ళకి కక్కుర్తి పడితే పగుళ్ళొస్తాయి, అప్పుడు మేస్త్రీని తిట్టి లాభం లేదు."

చెప్పులు కుట్టే పెద్దాయన రాయొచ్చు: "వానలో తోలు చెప్పు తడిస్తే ఎండలో పెట్టకండి, బిరుసెక్కి పగులుతుంది. నీడన ఆరబెట్టి, ఆరినాక కాస్త ఆముదం రాయండి." కుట్టు మిషను అక్క రాయొచ్చు: "నూలు గుడ్డ తెస్తే కుట్టించే ముందు ఒకసారి నీళ్ళలో నానేసి ఆరేసి తీసుకురండి. కుట్టినాక ఉతికితే కుంచించుకుపోతుంది, కొలత తప్పింది నా చెయ్యి కాదు."

ఇవన్నీ మీకు మామూలు మాటలు. వినేవాడికి అవి వెయ్యి రూపాయలు మిగిల్చే మాటలు. ఈ తేడానే మనం కనిపెట్టాల్సింది. మనకి బాగా తెలిసింది ఊరందరికీ తెలుసనుకుంటాం. తెలియదు.

టైమెక్కడ?

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. ఒకే ప్రశ్నకి రోజుకి పదిమందికి పదిసార్లు జవాబు చెబుతున్నారు కదా, ఆ టైము ఎవరిది? ఒకసారి రాసి పెట్టుకుంటే పదకొండోవాడికి అదే పంపిస్తే చాలు. రాత టైము తినదు, మిగుల్చుద్ది.

మేం చెప్పే పద్ధతి ఇంతే. కొట్టు గల్లాపెట్టె పక్కన ఒక రూపాయి పెన్ను, చిన్న నోటుబుక్కు పెట్టండి. ఎవరైనా మంచి ప్రశ్న అడిగితే ఒక్క ముక్క గీకండి. "మోటారు – మళ్ళీ కాలింది" అంతే. వారంలో ఒక రోజు ఖాయం చేసుకోండి. సంత రోజు వద్దు, ఖాళీగా ఉండే రోజు పెట్టుకోండి. ఆ రోజు ఆ ముక్కల్లో ఒకటి తీసుకుని అయిదారు వాక్యాలు రాయండి. చేసిన పని ఫొటో ఒకటి జత చేయండి. పది నిమిషాలు దాటితే ఆపేయండి. వారం వారం కుదరకపోతే మీరూ మా పక్షపత్రికలాగే పదిహేను రోజులకోసారి రాయండి. ఎంత రాశారన్నది కాదు, తప్పకుండా రాయడం ముఖ్యం. నెలరోజులు రోజూ రాసి ఆర్నెల్లు మానేసిన కొట్టు చూసినవాడు మూతపడిందనుకుంటాడు.

బ్యాండు వాళ్ళకీ టెంటు హౌసు వాళ్ళకీ మూఢం వస్తే పనుండదు, ఆషాఢంలో పనుండదు. ఆ రోజుల్లో పదో పన్నెండో రాసి పెట్టుకుంటే శ్రావణంలో పెళ్ళి పార్టీలకి ఒక్కొక్కటే పంపించుకోవచ్చు.

రాసింది ఎక్కడ పెట్టాలి? కొట్టు ముందు ఒక నల్లబల్ల, సుద్దముక్క. దారిన పోయేవాడు చదువుతాడు. వాట్సాప్ స్టేటస్‌లో పెడితే 24 గంటల్లో పోతుంది, అది మర్చిపోవద్దు. బ్రాడ్‌కాస్ట్ లిస్టు చేసుకుంటే ఒక లిస్టుకి 256 మందికి ఒకేసారి వెళుతుంది. కాని మీ నంబరు వాళ్ళ ఫోనులో సేవ్ అయి ఉంటేనే అందుతుంది. అందుకని పని చేసిచ్చినప్పుడే "మన నంబరు సేవ్ చేసుకోండి అన్నా" అని అడగండి. గూగుల్ మ్యాపులో కొట్టు పేరు పెట్టుకోడానికి పైసా కట్టక్కర్లేదు. డబ్బు అడిగినవాడు దళారీ. అన్నిటికన్నా ముఖ్యం, రాసిన ప్రతిదీ తారీఖు వేసి నోటుబుక్కులో ఒక కాపీ ఉంచుకోండి. ఫోను కంపెనీ వాడిది, నోటుబుక్కు మనది.

"మాకు భాష రాదు"

ఈ మాట అనిపించింది కూడా కులమే. పుస్తకాల్లో మన మాట కనపడనీయకుండా చేసి, మన మాట మాటే కాదనిపించారు. మేం బడిలో పాఠం చెప్పేవాళ్ళం, ధైర్యంగా చెబుతున్నాం. మీరు కొట్టు దగ్గర మాట్లాడే మాటే మంచి తెలుగు. "కుంచించుకుపోవును" అని రాస్తే ఎవడికీ అక్కర్లేదు, "కురచైపోద్ది" అంటే వెంటనే అర్థమవుద్ది. ఒత్తు తప్పితే తప్పనివ్వండి. అసలు రాయడమే కష్టమైతే ఫోనులో మైకు గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడండి, అక్షరాలు అవే పడతాయి. తప్పు పడిన చోట మీ పిల్ల సరిచేస్తుంది. అలా సరిచేసే పిల్లకి నాన్న పని గురించి నాలుగు ముక్కలు తెలుస్తాయి, ఆ పని అంటే చిన్నచూపు పోతుంది. ఇది మాకు లెక్కల పాఠం కన్నా పెద్ద పాఠం.

కొందరు మేస్త్రీలు ఇంకో మాటంటారు. "గుట్టు చెప్పేస్తే పక్కోడు నేర్చుకుంటాడు" అని. స్లాబుకి ఎన్నాళ్ళు నీళ్ళు పెట్టాలో చదివినంత మాత్రాన ఎవడూ మేస్త్రీ కాలేడు. చెయ్యి తిరగాలి. ధర గుట్టు, సరుకు తెచ్చే చోటు గుట్టు మీరే దాచుకోండి. మిగతాది దాచుకుంటే మన తాతల తోలు విద్యకి పట్టిన గతే పడుతుంది.

కులం తెలిస్తే బేరం పోదా?

ఇదీ అసలు భయం. నవ్విన సగంమందికి నవ్వు వెనక ఉన్నది ఇదే. పని చేసేవాడు కనపడనంతసేపూ కులం కనపడదు. పేరు రాసి, ఫొటో పెట్టి, గొంతు వినిపిస్తే అది బైటపడుతుంది. పడితే?

ఈ భయం వట్టిది కాదు. కొలంబియాలో చదివొచ్చిన అంబేడ్కర్ బొంబాయిలో పెట్టుబడుల మీద సలహాలిచ్చే వ్యాపారం పెడితే, కులం తెలిసి వచ్చేవాళ్ళు మానేశారు. అది మూతపడింది. పాత కాలం అనుకోకండి. 2007లో సుఖదేవ్ థొరాట్, పాల్ ఆటెవెల్ అచ్చేసిన పరిశోధనలో, ఒకే చదువున్న దరఖాస్తులు వేరే వేరే ఇంటిపేర్లతో ప్రైవేటు కంపెనీలకి పంపితే, దళిత ఇంటిపేరున్న వాటికి పిలుపులు తక్కువొచ్చాయి. పల్లె మనిషి టిఫిను బండి పెడితే ఊరు ఎంతమంది తింటారో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

అయినా మేం రాయమనే అంటున్నాం. ఎందుకంటే, దాచుకున్నా అది దాగదు. "మీరెవరు? మీదే ఊరు? ఏ బజారు?" మూడు ప్రశ్నల్లో తేల్చేస్తారు. దాచినవాడు రోజూ భయంతో కొట్టు తీస్తాడు. పని తనం ముందు తెలిసి, కులం తర్వాత తెలిస్తే, కులం చూసి పోయేవాడు పోతాడు. మోటారు కాలకుండా కాపాడుకున్న రైతు మాత్రం పోవడానికి ఒకసారి ఆలోచిస్తాడు. ఆ ఆలోచనే మన మొదటి లాభం. ఇంటిపేరు పెట్టాలా వద్దా, గోడ మీద బాబాసాహెబ్ ఫొటో పెట్టాలా వద్దా, అది ఎవరికి వారు తేల్చుకోవాల్సింది. అప్పు నెత్తిన పెట్టుకున్న మనిషిని వీరుడివి కమ్మని మేం శాసించం. కాని పని గురించిన నిజాన్ని రాయడానికి ఎవరూ సిగ్గుపడక్కర్లేదు.

ఇంకో మాట కూడా ఖరాఖండిగా చెప్పాలి. రాత బేరం తేగలదు గాని కులాన్ని కూల్చలేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో మనవాళ్ళని నరికే ముందు జరిగింది సాంఘిక బహిష్కరణే. పని బందు, సరుకు బందు. అప్పుడు ఎవరి చేతిలో కొట్టుందన్నది ప్రాణం సంగతవుతుంది. అందుకే మన పల్లెలో మన కొట్టు నిలవాలి. ఊరంతా కూడబలుక్కుని మన కొట్టుకి రావొద్దని కట్టడి చేస్తే, అది బేరం తగ్గడం కాదు, నేరం. అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ సాంఘిక, ఆర్థిక బహిష్కరణని నేరంగా పెట్టింది. అది 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉంది. తారీఖులేసుకున్న మీ నోటుబుక్కులో ఏ రోజు ఏ పని చేశారో, ఏ రోజు ఏ ఆర్డరు వెనక్కి పోయిందో రాసుంటే, రేపు సంఘం వచ్చి నిలబడ్డప్పుడు అది మాట్లాడుతుంది.

బ్యాంకు దగ్గరా అంతే. ముద్ర రుణం తాకట్టు లేకుండా ఇవ్వాలని ఉంది. 2015లో వచ్చిన పథకం. అయినా మేనేజరు "మీకు అనుభవమేంటి?" అంటాడు. ఏడాదిగా చేసిన పనులు ఫొటోలతో, తారీఖులతో ముందు పెడితే, కాదనడానికి ఆయన వేరే సాకు వెతుక్కోవాలి.

రాసేటప్పుడు కొన్ని చేయకండి. లేని డిస్కౌంటు రాయకండి. పక్క కొట్టువాణ్ణి తిట్టకండి, వాడూ మనలాంటి అప్పులవాడే. బాకీ ఉన్నవాళ్ళ పేర్లు పెట్టి పరువు తీయకండి. ఆ పని మన మీద చాలామంది చేశారు, మనం చేయొద్దు. అడక్కుండా ఎవరి ఇంటి ఫొటో, ఎవరి మనిషి ఫొటో పెట్టకండి.

సంఘాలకి ఒక మాట

ఏప్రిల్ 14న దండలు వేస్తున్నాం, మంచిదే. కాని మన పల్లెలో కొట్టున్నవాళ్ళు ఎంతమంది, ఎవరికి ఏ పని వచ్చు, ఒక కాయితం మీద ఉందా? ముందు ఆ జాబితా రాయండి. సెలవు రోజు చదువుకున్న పిల్లలు ఒక్కొక్క కొట్టు దగ్గర గంట కూచుని, ఆ అన్న చెప్పింది చెప్పినట్టు రాసిపెట్టండి. మాటలు ఆయనవే ఉండాలి, మీ డిగ్రీ తెలుగు కాదు. ఏడాదికి ఒక్కో కొట్టు నుంచి ఇరవై రాతలొచ్చినా, పది కొట్లకి రెండొందలు. వాటిని కుట్టి పుస్తకం చేస్తే, మన పనివాళ్ళు రాసిన మొదటి పనిపుస్తకం మన పల్లెలోనే పుడుతుంది. అది మా బడి బీరువాలో పెట్టే పూచీ మాది.

ఈ పక్షం మీ కొట్టు దగ్గర ఎక్కువమంది అడిగిన ప్రశ్న ఏమిటి? అయిదు వాక్యాల్లో జవాబు రాయండి. ఒక కాపీ నల్లబల్ల మీద, ఒక కాపీ నోటుబుక్కులో, ఒక కాపీ మాకు. ఒత్తులు దిద్దకుండా వేస్తాం.

జై భీం.